కుందేళ్ళ ఫుట్‌బాల్ మైదానానికి కొత్త సోకులు

అడవిలో కుందేళ్ళు ఫుట్‌బాల్ ఆడే మైదానం పాతబడింది. గట్లు కుంగిపోయి, కూర్చున్నవాళ్ళ తోకలకు ముళ్ళు గుచ్చుకునేవి. దాన్ని బాగుచేసే పని నక్క నెత్తికెత్తుకుంది. దానికి ఆట రాదు, అందుకే తీరిక ఎక్కువ.

ఏమేం కావాలని చూసేవాళ్ళను అడిగింది. గేదె బురదగుంట కావాలంది. నెమలి పురి విప్పేంత చోటు కావాలంది. తనను ఎవరూ చూడకపోతే దానికి ఆట చూడబుద్ధి కాదు. నక్క అన్నింటికీ సరేనంది. చోటు మాత్రం మైదానంలోంచే తీసింది.

ఆట రోజు ఓ కుందేలు అటూ ఇటూ గెంతింది. "నక్క మామా, మేమెక్కడ ఆడాలి?"

"ముందు కూర్చో అల్లుడూ, గడ్డి పరుపు ఎంత మెత్తగా ఉందో!"

రెండు జట్లూ కూర్చున్నాయి. అందరూ అసహనంగా కదులుతూ ఎదురుచూశారు.

ఈ ఆట కోసం నాలుగు రోజుల ముందే బయల్దేరిన తాబేలు అప్పుడు చేరింది. "ఆట అయిపోయిందా?"

"మొదలే కాలేదు తాతా," అంది కుందేలు.

తాబేలు బంతిని ముక్కుతో నెట్టుకుంటూ పక్కనున్న రాళ్ళ బీడుకేసి నడిచింది. దాని నడక చూడలేక కుందేళ్ళు ఉరికి బంతి లాక్కుని అక్కడే ఆడసాగాయి. గేదె కూడా బురదలోంచి లేచొచ్చి, ఎండలో నిలబడి హుషారుగా అరిచింది.

నక్క ఇంకా ఆ పరుపు మీదే ఉంది. చూసేవాళ్ళకు మరేం సౌకర్యం కావాలా అని ఆలోచిస్తోంది.