పాట ఆగితే

"గడియ పెట్టకు. తలుపు దగ్గరగా వేసుకుని, పాట పాడుతూ స్నానం చెయ్యి."

బాత్రూమ్ బయట అడ్డంగా నిలబడి చెప్పింది నిచ్చెన.

అది ఆమె అసలు పేరు కాదు. ఆఖరి ఏడు చదువుతోంది, మనిషి పొడుగు. హాస్టల్లో అందరూ చాటుగా అలాగే పిలుస్తారు.

కొత్తమ్మాయి చేతిలో బకెట్టుతో అలాగే నిలబడిపోయింది. కాలేజీలో చేరిన మర్నాడే ఇదేం గొడవ!

"పాటెందుకక్కా?"

ఆ ప్రశ్నకి నిచ్చెన తెల్లబోయింది. వెనక వరసలో నిలబడ్డ వాళ్లని చూసి గొంతు సవరించుకుంది.

"ఈ అంతస్తులో అంతే. పాట ఆగిందా, లోపలికొచ్చేస్తా."

వరసలో వాళ్లు కిసుక్కున నవ్వారు.

కొత్తమ్మాయి పాడింది. ఆమెది పాడే గొంతు కాదు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకే తెలుసు, ఆ రోజుతో అంతస్తంతటికీ తెలిసింది.

అసలు ఈ పాత హాస్టలే ఆమెకి ఇష్టం లేదు. పక్కనే కొత్త భవనం ఉంది, అక్కడ గదికో బాత్రూమ్. ఇక్కడ అంతస్తు మొత్తానికి కలిపి వరసగా నాలుగంటే నాలుగు.

చేర్పించడానికి వచ్చిన నాన్నే పట్టుబట్టాడు.

"నలుగురూ తిరిగే చోటైతే, పడిపోయినా ఎవరో ఒకరు చూస్తారు."

ఆమెకి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. మందులు వాడుతుంటే ఈమధ్య రావడం లేదు. అందుకే నాన్న దూరం పంపడానికి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద.

"మళ్లీ వచ్చిందని నా చెవిన పడిందా, ఆ రోజే పెట్టె సర్దించి ఇంటికి తీసుకుపోతా. చదువూ లేదు, గిదువూ లేదు."

వార్డెన్‌కి ఒకమాట చెప్పి ఉంచుతానంటే, కాళ్లావేళ్లా పడి ఆపింది.

నాన్న బస్సెక్కిన కాసేపటికే ఒక వింత జరిగింది. స్నానానికి వెళ్లింది. తర్వాత చూసుకుంటే తడి జుట్టుతో మంచం మీద ఉంది. మోచేయి కమిలింది. మధ్యలో ఏమైందో గుర్తు లేదు.

ప్రయాణ బడలికకి నిద్ర పట్టేసి ఉంటుంది అనుకుంది. అలా అనుకుంటేనే ఆమెకి నిశ్చింతగా ఉంది.

ఇక రోజూ అదే తంతు. నిచ్చెన తన స్నానం మానుకుని మరీ తలుపు ముందు కాపలా కాసేది. ఎవరైనా తోసుకొస్తే "లోపల మనిషుంది, కనబడదా?" అని కసిరేది. పాట ఆగితే చాలు, తలుపు దబదబా బాదేది.

"పలుకు! ఎందుకాపావు?"

"సబ్బు కళ్లల్లో పడిందక్కా!"

"పడనీ. పాడు."

కొత్తమ్మాయికి 'రేడియో' అని పేరు పడింది. పేరు హాస్టల్లో ఆగితే బాగానే ఉండేది. క్లాసులో వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

"రేడియో, ఇవాళ వార్తలు లేవా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. ఏడుస్తూ నేరుగా వార్డెన్ గదికి వెళ్లింది.

"గడియ పెట్టుకోనివ్వడం లేదు మేడమ్. పాటలు పాడించి ర్యాగింగ్ చేస్తోంది."

వార్డెన్ అందరినీ భోజనాల హాలుకి పిలిపించింది.

"గడియ పెట్టొద్దన్నావా?"

"అన్నాను మేడమ్" అంది నిచ్చెన.

"పాటలు పాడించావా?"

"పాడించాను."

"ఎందుకు?"

నిచ్చెన కొత్తమ్మాయి వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

కొత్తమ్మాయి ముఖం తిప్పుకుంది.

"కారణం ఉంటే ఇప్పుడే చెప్పు. పరీక్షల ముందు హాస్టల్ నుంచి పంపేస్తే ఎక్కడుండి చదువుతావ్?"

నిచ్చెన తల దించుకుంది.

"సరదాకి మేడమ్."

"విన్నారుగా, సరదా అట!" వార్డెన్ అందరి వైపూ తిరిగింది. "సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యి."

వెళ్తూ వెళ్తూ నిచ్చెన కొత్తమ్మాయి గది ముందు ఆగింది. చేతిలో పెట్టె, చంకలో పరుపు చుట్ట.

"గడియ మాత్రం పెట్టకు" అంది మెల్లగా.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు అనుకుని, కొత్తమ్మాయి తలుపు ధడాలున మూసింది.

మర్నాడు పొద్దున్న ఎవరూ పాడమనలేదు. కసికొద్దీ గడియ బిగించుకుంది. నోరు మెదపకుండా, తీరిగ్గా నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీద ఉంది. నుదుటికి కట్టు. తలంతా దిమ్ముగా ఉంది.

గుమ్మం దగ్గర నాన్న వార్డెన్‌తో మాట్లాడుతున్నాడు. ఆయన కాళ్ల దగ్గర తన పెట్టె, సర్దేసి ఉంది.

మంచం పక్కన హాస్టల్ ఆయా కూర్చుని ఉంది. కూతురి పురుటికని సెలవు పెట్టి వెళ్లి, ఆ పొద్దున్నే తిరిగొచ్చింది.

"గడియ ఎందుకు పెట్టావమ్మా? తలుపు బద్దలు కొట్టేసరికి ఎంతసేపయిందో! అసలు ఆ పొడుగమ్మాయి ఏమైంది, బయట కాపలా ఉంటానంది, లేదా?"

"ర్యాగింగ్ చేసిందని... పంపేశారు."

"ర్యాగింగా!" ఆయా నోరు నొక్కుకుంది. "నువ్వొచ్చిన రోజు ఇలాగే పడిపోతే, బట్టలు కప్పి ఎత్తుకొచ్చి పడుకోబెట్టింది ఆ పిల్లే కదా. నేనూ ఓ చెయ్యి వేశాను. ఆ మర్నాడే నేను ఊరెళ్లాను."

కొత్తమ్మాయికి తడి జుట్టు గుర్తొచ్చింది. కమిలిన మోచేయి గుర్తొచ్చింది. అంతకుమించి ఏమీ గుర్తు రాలేదు.

"మరి... అందరి ముందూ నిలబెట్టి అడిగినప్పుడు, ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

ఆయా ఆమెకేసి వింతగా చూసింది.

"ఎలా చెబుతుందమ్మా? తెలివి రాగానే, నాన్నకి తెలిస్తే చదువు మాన్పించేస్తాడు, చచ్చినా ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యమని, వేసేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు కదా నువ్వు!"