పదికి నాలుగు

వాసుదేవరావు బ్యానరు కట్టించేసరికి పదైంది. ట్రైనింగ్ తొమ్మిదిన్నరకే మొదలు కావాలి. కానీ బ్యానరు లేకుండా ఆయన ఏ మంచిపనీ మొదలుపెట్టడు.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో తెలుగువాళ్లు గుప్పెడు, సంఘాలు మూడు. అందులో ఒకదానికి ఆయన అధ్యక్షుడు. చదువుకోవడానికొచ్చిన మన పిల్లలు కొందరు మత్తుకు అలవాటు పడుతున్నారని, వాళ్లను మొదట్లోనే ఆదుకునే వాలంటీర్లు కావాలని ఒక సేవాసంస్థ రెండు శనివారాల శిక్షణ పెట్టింది. ఈయన అందరికంటే ముందు పేరిచ్చాడు.

మొదటి శనివారం పాఠమైంది. సర్టిఫికెట్ ఇంకా రాలేదు. అయినా గురువారమే సూటు వేసుకున్న ఫొటోతో పోస్టరు చేయించి, స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేశాడు. 'సిగ్గుపడకండి, మనతో తెలుగులో మాట్లాడండి' అని పైన, తన పేరు, హోదా, శనివారం శిక్షణ జరిగే ఈ గది అడ్రసు కింద. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండు రోజులుగా లైకులు చూసుకుని మురిసిపోతున్నాడు.

శిక్షణ ఇచ్చే ఫ్రౌ బ్రెన్నర్ ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న జర్మన్ ఆవిడ. ఆరోజు పని ఏమిటో నిదానంగా ఇంగ్లీషులో చెప్పింది. యూనివర్సిటీ నాటకాల గ్రూపు నుంచి తెలుగు వచ్చినవాళ్లు ఒకరు వస్తారు. తాగుడు మానలేని స్టూడెంటుగా నటిస్తారు. ఏం జరిగినా పాత్ర వదలరు. మీరు పావుగంట మాట్లాడాలి. నేను పక్కనుంటే మీరు నా మొహమే చూస్తారు కాబట్టి కింద ఆఫీసులో ఉంటాను.

సంఘం నుంచి వచ్చిన ముగ్గురికీ తలా ఒక కాగితం ఇచ్చింది. పూర్తిగా విన్నారా, మధ్యలో అడ్డుపడ్డారా, తీర్పు చెప్పారా, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పారా అని నాలుగు ప్రశ్నలు, పక్కన మార్కులకు గళ్లు. ఎవరికి వాళ్లు తమకు వేసుకోవాల్సిన మార్కులవి. మనవాళ్లకు ఆ ముక్క చెవికెక్కలేదు. ఎదుటివాళ్లకు మార్కులు వేయడమైతే పుట్టుకతో వచ్చిన విద్య.

పదకొండు దాటాక తలుపు మీద మెల్లగా చప్పుడైంది. సన్నటి పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. చలికోటు విప్పకుండానే కుర్చీ అంచున కూర్చుంది. పేరు రిషిత అంది.

వెంటనే పనిలోకి దిగారు. ఏ ఊరన్నారు. హుజూరాబాద్ అంది. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఎంత పర్సంటేజీ. సంఘం కార్యదర్శి కౌసల్య, నాన్నగారేం చేస్తారో, అన్నదమ్ములెందరో కూడా కనుక్కుంది. పెళ్లిచూపులకు వెళ్లినవాళ్లు సైతం ఇన్ని అడగరు. ఏడు నిమిషాల తర్వాత గానీ ఆ పిల్లకు మాట్లాడే సందు దొరకలేదు.

"నాకు పొద్దున లేవంగనే తాగాలె మేడమ్. ఎగ్జామ్ రెండుసార్లు పోయింది. మూడోసారి పోతే యూనివర్సిటీ నుంచి తీసేస్తరు, వీసా గూడ పోతది. ఇంక పన్నెండు దినాలే ఉన్నది. నాతోని మానుడు అయితలేదు."

చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి వణుకుతున్నాయి.

కోశాధికారి కమలాకర్ ఫోన్లోంచి తలెత్తి, ఆ వణుకు కాస్త తగ్గిస్తే సహజంగా ఉంటుందన్నాడు. వాసుదేవరావు ముందుకు వంగి వాసన చూశాడు. తాగుబోతన్నాక వాసనైనా రావద్దా అని విసుక్కున్నాడు.

"నిన్నటి సంది ముట్టలే సార్. ఈడికి రావాలని బంద్ పెట్టిన."

డైలాగు బావుందని ఆయన తలూపాడు. కౌసల్యకు మాత్రం నచ్చలేదు.

"మన ఇళ్లలో ఆడపిల్ల తాగిందంటే ఎవరు నమ్ముతారమ్మా? అబ్బాయి కథేదైనా తీసుకోవాల్సింది."

తర్వాత వాసుదేవరావు తన సంగతి ఎత్తుకున్నాడు. తానూ ఒంటరిగానే వచ్చాడు, మంచులో నడిచాడు, గుండె నిబ్బరం ఉంటే ఏ అలవాటూ దగ్గరికి రాదు. నిరుడు క్రిస్మస్ సంతలో నాలుగు కప్పుల వేడి వైను తాగి కమలాకర్ భుజం మీద ఇంటికి చేరిన ముచ్చట మాత్రం చెప్పలేదు. ఇలాంటివాళ్ల నోట నీతులు వినాల్సి రావడమంత ఖర్మ ఇంకోటి లేదు.

ఆ పిల్ల అంతా విన్నది. డాక్టర్ దగ్గరికి పోవాలంటే ముందు ఎవరిని అడగాలె సార్ అంది. ఆ వివరాలన్నీ ఉన్న పుస్తకం ఫ్రౌ బ్రెన్నర్ అక్కడే పెట్టి వెళ్లింది. దాని మీద సమోసాల పెట్టె ఉంది. ఎవరూ కదపలేదు.

పావుగంటైందని వాసుదేవరావు కాగితం అందుకున్నాడు. కమలాకర్ మూడు వేశాడు. కౌసల్య జాలిపడి ఐదు వేసింది. పెద్దమనిషిగా ఆయన సగటు తీసి, పదికి నాలుగు అని పైకి చదివాడు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

రిషిత ఒక్కొక్కరి మొహం చూసింది.

"నన్ను చూసి నవ్వుతున్నరా?"

చివరిదాకా పాత్ర వదల్లేదని, ఆ ఒక్కటీ మెచ్చుకోవాల్సిందేనని కౌసల్య అంది. బ్యానరు ముందు ఫొటో దిగి వెళ్లమంటే ఆ పిల్ల ఆగలేదు. ఈ కాలం పిల్లలకు మర్యాద తెలియదనుకున్నారు. కిటికీలోంచి చూస్తే రోడ్డు దాటి, వచ్చిన ట్రామ్ ఎక్కేస్తోంది.

సమోసాలు పంచుతుండగా ఫ్రౌ బ్రెన్నర్ ఫోను పట్టుకుని పైకి వచ్చి, నటించాల్సిన కుర్రాడు జ్వరంతో ఇవాళ రాలేనని ఇప్పుడే మెసేజ్ పెట్టాడని, ఇంతసేపూ మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టానని క్షమాపణ చెప్పింది.