బురద పడవ

అత్తగారి గొలుసు కొట్టేసిన ఇల్లరికపు అల్లుడికి దాన్ని దాచడానికి ఆ ఇంట్లో ఒకే ఒక్క చోటు కనిపించింది. ముందుగదిలో బల్లమీదున్న బురద పడవ.

నది అడుగున పేరుకున్న బురదని తోడి, పొట్టలో నింపుకుని, దూరంగా పోయి వదిలేసే ఆవిరి పడవలుంటాయి చూడండి, దానికి మూరెడు నమూనా అది. ముందు పొగగొట్టం, నడుమ బురద తొట్టి, పడవ కింద పరిచిన మెత్తటి దుప్పటి. పిలిచినా పలకని మామగారు రోజూ దాన్ని తుడుస్తారు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు.

అల్లుడు గొలుసుని ఆ తొట్టిలోకి జారవిడిచాడు. అది అమ్మితే మోటారు సైకిలు వస్తుంది. మామగారి డొక్కు సైకిలు వెనక కూర్చునే బతుకు తప్పుతుంది.

అత్తగారు పరుపులు దులిపింది, డబ్బాలు బోర్లించింది. పడవ జోలికి మాత్రం పోలేదు.

"ఇది బయటివాళ్ళ పనే అత్తయ్యా," అన్నాడు అల్లుడు, మంచం కిందికి దూరి తనూ వెతుకుతూ.

"అంతేనంటారా? పాపం, ఒళ్ళంతా దుమ్మయింది మీకు. ఇవతలికి రండి."

మర్నాడు అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, పొగగొట్టం ఒరిగింది. అతికించుకొస్తాను."

మామగారు ఏదో అనబోయారు. భార్య వైపు చూసి ఊరుకున్నారు.

"తీసుకెళ్ళండి బాబూ, మీ ఇల్లే కదా," అంది అత్తగారు.

పడవని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని, వెనక్కి చూడకుండా వీధి మలుపుదాకా పోయాడు అల్లుడు. ఆత్రంగా తొట్టిలో చెయ్యి పెట్టాడు. చెయ్యి కిందనుంచి బయటికొచ్చింది. తొట్టి అడుగున రెండు తలుపులు తెరుచుకుని వేలాడుతున్నాయి.

పరుగున తిరిగొచ్చేసరికి గొలుసు అత్తగారి మెడలో ఉంది.

"దుప్పటి మీద పడింది లెండి, చప్పుడు కాలేదు," అందావిడ తాపీగా. "బురద పడవకి పైన నింపుతారు, అడుగునుంచి వదులుతారు. ఇదీ అంతే. బల్లమీదున్నంతసేపూ తలుపులు మూసుకునుంటాయి, ఎత్తామా, తెరుచుకుంటాయి."

అల్లుడికి తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

"మామయ్య... భలే చేశారు పడవని," అని గొణిగాడు.

మామగారు పడవ అందుకుని బల్లమీద పెట్టారు. భుజం మీది తుడుపుగుడ్డ తీసి, మాటా పలుకూ లేకుండా అల్లుడి చేతిలో పెట్టారు.

"ఆయన చెయ్యడమేమిటి!" అత్తగారు పకపకా నవ్వింది. "నాకు ఇల్లరికం సంబంధం కుదిరినప్పుడు మా నాన్న చేసిపెట్టాడు, దాన్ని చంకనెట్టుకుని ఆ మలుపుదాకా వెళ్ళొచ్చిన రోజు నుంచే మీ మామగారు మాట్లాడటం తగ్గించేశారు."