లంక ఓట్లన్నీ ఆయనకే

“పటాలాన్ని పంపొద్దని చెప్పండి బాబుగారూ! మీరొక్క మాటంటే చాలు,” అంటూ పెద్దింట్లమ్మ వరండా మెట్టు మీదే కూలబడిపోయింది.

పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న వెంకటప్పయ్య గారు ఉలిక్కిపడి లేచారు.

“అయ్యో, కింద కూచున్నావేమమ్మా? బల్ల మీదికి రా. ఏ ఊరు మీది?”

“కొల్లేటి లంకండి. మొన్న ఓట్లప్పుడు మా ఇంట్లో మజ్జిగ తాగారు. మర్చిపోయారా?”

ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. “మీ ఊరిపెద్ద పోలరాజు వాళ్ళ లంక కదూ! ఎలా మర్చిపోతానమ్మా!”

పెద్దింట్లమ్మకి ప్రాణం లేచొచ్చింది. బెజవాడలో అంత పెద్దమనిషి ఇంటి ముందు జనం బారులు తీరి ఉంటారని, తన్ను గేటు దగ్గరే కసురుకుంటారని దారి పొడుగునా వణుకుతూ వచ్చింది. తీరా చూస్తే వాకిట్లో నరపురుగు లేదు. కొల్లేటికోట అమ్మవారే దారి చేసిందనుకుంది పిచ్చిది.

“మా కాశీరావు పటాలంలో ఉన్నాడండి. సైన్యాన్ని నదులు దాటించే పని వాడిది. పడవ నడపడం వచ్చని ఏరి మరీ తీసుకున్నారు. ఇప్పుడు తూర్పు పాకిస్తాన్ సరిహద్దుకి తోలారంట. మనవాళ్ళు ఆ దేశంలోకి వెళ్తారంట కదా? నది దాటాలంటే ముందు కదిలేది పడవేగా! పడవలో ముందుండేది నా కొడుకేగా!”

మొగుణ్ణి గాలివాన మింగేసిన నాటి నుంచి ఆమె ఆ పిల్లాణ్ణి చూసుకునే బతుకుతోంది. వాడికేమన్నా అయితే తను బతికుండి ఎవరిని ఉద్ధరించాలి?

వెంకటప్పయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టారు. “అవతల జనాన్ని ఊచకోత కోస్తున్నారమ్మా. లక్షలమంది మనవైపు పారిపోయి వచ్చారు. దేశమంతా యుద్ధం కావాలంటోంది.”

“రానీండి బాబూ. వచ్చినోళ్ళకి అన్నం పెడదాం. మా లంకకి కొందరిని పంపండి, మాతోపాటే చేపలు పట్టుకుని బతుకుతారు. అంతేగానీ, తుపాకులిచ్చి మన పిల్లల్ని పరాయి దేశంలోకి తోలడమేంటండి? అక్కడ చచ్చేవాళ్ళకి మాత్రం అమ్మలుండరా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నిజమేనమ్మా. కానీ నేనేం చెయ్యగలను?”

“అలా అనకండి బాబూ! మా లంక సంగతి మీకు తెలీందా? పెద్దలు కూచుని ఒక పేరు అనుకుంటే ఊరు ఊరంతా ఆ పేరుకే. అమ్మవారి ముందు పసుపునీళ్ళు ముట్టుకుని మరీ వెళ్ళి మీకు వేశాం. అవతలి పార్టీ వాళ్ళని పోలరాజు రేవులో దిగనివ్వలేదు కూడా.”

“తెలుసమ్మా. మీ రుణం ఉంచుకోకూడదు.”

“మీరే మళ్ళీ మా లంక మొహం చూడలేదు.”

“మొహం చెల్లక రాలేదమ్మా.”

“అదేం మాటండీ! పెద్దవాళ్ళకి ఎన్ని పనులుంటాయో మాకు తెలీదా?”

లోపలి నుంచి ఆయన భార్య సుబ్బరత్నం గారు కాఫీ తెచ్చి పెద్దింట్లమ్మ చేతికిచ్చింది. భర్త వైపు తిరిగి, “ఏవండీ, పాపం ఎంత దూరం నుంచి వచ్చిందో. ఉన్నమాట చెప్పెయ్యండి,” అంది.

పెద్దింట్లమ్మ కాఫీ తాగబోతూ ఆగింది. ఉన్నమాటేమిటి? యుద్ధం ఖాయమైపోయిందా? పటాలం నది దాటేసిందా? గ్లాసు అక్కడే పెట్టేసి ఆయన కాళ్ళు పట్టుకుంది.

“వద్దు బాబూ! ఆ మాట నాకు వినిపించకండి. ఢిల్లీకి చెబుతానని ఒక్క మాటనండి. దాన్ని పట్టుకుని బతుకుతాను.”

వెంకటప్పయ్య గారు బిక్కచచ్చిపోయారు. భార్య వైపు చూశారు, కాళ్ళ దగ్గర ఏడుస్తున్న మనిషి వైపు చూశారు.

“చెబుతానమ్మా. ఢిల్లీకి చెబుతాను.”

“ఇవాళే?”

“ఇవాళే.”

సుబ్బరత్నం గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దింట్లమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది.

“ఊళ్ళో ఇంకెవరినైనా కలవమంటే కలుస్తానండి. ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాను. నాకేం సిగ్గు లేదు.”

ఆయన ఏదో పేరు చెప్పబోయి ఆగిపోయారు. “అక్కర్లేదమ్మా. నేను చూసుకుంటాగా,” అన్నారు.

రిక్షా అంతోని గేటు బయట చెట్టు నీడలో కునుకుతున్నాడు. పొద్దున స్టేషను నుంచి ఆమెని తీసుకొచ్చింది అతనే. దారిలో ఆమె ఒకటే ఏడుపు. పలకరిస్తే బాగుండదని అతను వెనక్కి తిరక్కుండా తొక్కాడు. ఇప్పుడు ఆమెని మళ్ళీ స్టేషనుకి చేర్చి, మోకాళ్ళ నొప్పి చూసి చెయ్యి ఆసరా ఇచ్చి, కైకలూరు బండి ఎక్కించి, కిటికీ పక్కన కూచోబెట్టాడు.

“ఏమ్మా, వాళ్ళు మీకు చుట్టాలా?”

“చుట్టాలకంటే ఎక్కువయ్యా. మా ఎంపీ గారు! నా కొడుకుని యుద్ధానికి పంపకుండా ఆపమని ఇవాళే ఢిల్లీకి చెబుతానన్నారు. పిల్లాడు క్షేమంగా వస్తే మీ గుణదల మేరీమాతకి కూడా కొబ్బరికాయ కొడతాను.”

“ఏ ఎంపీ గారమ్మా?” అన్నాడు అంతోని, అర్థం కాక.

“ఇందాక నన్ను తీసుకెళ్ళావుగా, ఆ వెంకటప్పయ్య గారే!”

కూత వేసి బండి కదిలింది. అంతోని నిర్ఘాంతపోయి చూశాడు. తరవాత చేతులూపుతూ పెట్టె వెంట పడ్డాడు. ఏదో అరుస్తున్నాడు. ఇంజను రొదలో ఒక్క ముక్కా వినపడలేదు. పెద్దింట్లమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. చాన్నాళ్ళ తరవాత నవ్వు వచ్చింది ఆమెకి.

“ఏమిటంటున్నాడు?” అంది ఎదురుగా కూచున్నావిడ.

“మంచివాడండి. జాగ్రత్తగా వెళ్ళమంటున్నాడు.”

“ఆయన ఓట్లలో ఓడిపోయాడమ్మా!” అని అరుస్తున్నాడు అంతోని.