థర్మామీటరు పాఠం

“నేను లేచి వెళ్ళిపోతాను,” అందామె పెదవులు కదపకుండా.

“కూర్చో. ఎవరూ మనల్ని చూడటం లేదు,” అన్నాడు టైలరు.

అది పచ్చి అబద్ధం. చర్చి వెనక హాల్లో ఉన్న కుర్రజంటలన్నీ వంతులేసుకుని మరీ వెనక్కి తిరిగి చూస్తున్నాయి. అందరూ త్వరలో పెళ్ళాడబోయేవాళ్ళు. వాళ్ళ మధ్య తలలు నెరిసిన వీళ్ళిద్దరూ, కొత్త చొక్కాకి కుట్టిన పాత గుండీల్లా, వెనక వరుసలో కూర్చున్నారు.

“ఫాదర్‌గారితో కుదరదని చెప్పాల్సింది.”

“చెప్పి చూశాగా. రావాల్సిందేనన్నారు. ఒక్క పూటే కదా, ఓర్చుకో.”

నల్లబల్ల దగ్గర సిస్టర్ పాఠం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి కాన్పులు చూసిన మనిషి, మాటలో నాన్చుడు లేదు.

“మాత్రలు వద్దు, ఆపరేషన్లు వద్దు. దేవుడు ఆడదాని ఒంట్లోనే ఒక గడియారం పెట్టాడు. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే థర్మామీటరు నోట్లో పెట్టుకోవాలి. ఒంటి వేడి కాస్త పెరిగి నిలబడిందంటే బిడ్డ నిలిచే రోజులు దాటాయన్నమాట. అందాకా ఇద్దరూ ఓపిక పట్టాలి.”

“ఓపిక పట్టడానికి యాప్ ఏదైనా ఉందా సిస్టర్?” అన్నాడు ముందు వరుసలోని ఉంగరాల జుట్టు కుర్రాడు.

హాలంతా గొల్లుమంది. టైలరుకి ఒళ్ళు మండింది. గుండీ ఊడితే చొక్కా పారేసే రకం వీళ్ళు. ఓపిక కూడా కొనుక్కోవాలనుకుంటారు.

“యాప్ సంగతి తరవాత. ఈ దారిలో నడిచి వచ్చినవాళ్ళు మన మధ్యే ఉన్నారు,” అంటూ సిస్టర్ వెనక్కి చూసింది. “మీరు చెప్పండి.”

టైలరు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

“చెప్పడానికేముంది? మా ఇంటావిడకి నవ్వెక్కువ. థర్మామీటరు నోట్లో ఉన్నంతసేపు మాట్లాడకూడదు గదా, నేను కావాలని మూతి వంకర్లు తిప్పేవాణ్ణి. ఫక్కున నవ్వేది. థర్మామీటరు కింద పడి ముక్కలు! పాదరసం గచ్చు మీద గోళీల్లా దొర్లేది. ఇద్దరం చతికిలబడి అట్టముక్కతో ఎత్తేవాళ్ళం. ఇక ఆ పూట వేడీ తెలీదు, పాడూ తెలీదు. మా రెండోది పుట్టింది ఆ నవ్వు వల్లే.”

అందరూ ఆమె వంక చూసి ముసిముసిగా నవ్వారు. ఆమె తల దించుకుంది.

“ఓపిక పట్టాల్సిన రోజులొస్తే కుట్టు మిషనెక్కేవాణ్ణి. ఒకటే తొక్కుడు. వీధిలోవాళ్ళు, పాపం, ఎంత కష్టజీవో అనుకునేవాళ్ళు. ‘నెమ్మదయ్యా, సూది విరిగేను’ అని ఆవిడ లోపల్నుంచి కేకేసేది. ఆ కేక కోసమే ఇంకా గట్టిగా తొక్కేవాణ్ణి...”

దగ్గినట్టు నటించి కూర్చున్నాడు.

“మీరూ చెప్పండి ఆంటీ,” అంది ఉంగరాల జుట్టు వాడి పక్కనున్న పిల్ల.

ఆమె లేవలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “మా ఆయన నవ్వే మనిషి కాదు. థర్మామీటరు తనే విదిలించి, తుడిచి చేతికిచ్చేవాడు. ఓపిక పట్టాల్సిన రోజుల్లో సాయంత్రం నడకకి తీసుకెళ్ళేవాడు, రైలు గేటు దాకా. గేటు పడితే ఎంత సంతోషమో, ఇంకాసేపు నిలబడొచ్చని. నా చెయ్యి పట్టుకోవడం కూడా ఆ రోజుల్లోనే. మిగతా రోజుల్లో ఆ నడకా ఉండేది కాదు, ఆ కబుర్లూ ఉండేవి కాదు. నిజం చెప్పొద్దూ, నేను ఆ రోజుల కోసమే ఎదురుచూసేదాన్ని.”



“అయితే మిషనెవరు తొక్కారు ఆంటీ?” అన్నాడు ఉంగరాల జుట్టు వాడు.

నవ్వులు. “ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క కథా కలవలేదు!” అని ఇంకెవడో అందుకున్నాడు. సిస్టర్ బల్ల మీద గట్టిగా కొట్టింది. కానీ ఆమె అప్పటికే సంచీ తీసుకుని బయటికి నడిచింది.

టైలరు వరండాలో అందుకున్నాడు.

“కుర్రకుంకల మాటలు పట్టించుకుంటావా?”

“వాళ్ళదేం తప్పు? పిల్లలు ముందే అన్నారు, ఈ వయసులో నలుగురిలో నవ్వులపాలవుతారని. వినలేదు.”

“నువ్విప్పుడు ఆ గేటు దాటితే ఇక రావు. నాకు తెలుసు.”

“రాకపోతే ఏం మునిగింది? నాకా థర్మామీటరు పాఠం ఇప్పుడు దేనికి?”

“పాఠం కోసం కాదే. నువ్వు పక్కన కూర్చుంటావని వచ్చాను. నువ్వు లేకపోతే ఆ కుర్చీలో నేనొక్కణ్ణీ ఏం చెయ్యను? కొట్టుకి పోయి, కేకేసేవాళ్ళు లేని ఖాళీ ఇంటికేసి చూస్తూ మిషను తొక్కుకోవాలి. అంతేగా!”

కోపంగా అన్నాడు. ఆమె గేటు వైపు కదల్లేదు.

ఇంతలో ఉంగరాల జుట్టు వాడు చెవి నలుపుకుంటూ వచ్చాడు.

“సారీ ఆంటీ. నోటి దూల. లోపల మా పిల్ల ఏడుస్తోంది. పెళ్ళయ్యాక తననీ అలా నడకకి తీసుకెళ్తానా లేదా, ఇప్పుడే చెప్పాలట. మీరొచ్చి కూర్చోకపోతే నన్ను బతకనివ్వదు.”

ఆమె పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. వాడికి ధైర్యం వచ్చింది.

“ఇంతకీ మీ పెళ్ళయి ఎన్నేళ్ళయింది ఆంటీ?”

ఆ జవాబు టైలరు చెప్పేది కాదు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె గేటు వైపు చూసింది. హాలు వైపు చూసింది. సంచీ తీసి టైలరు చేతిలో పెట్టింది.

“వచ్చే సోమవారం మా పెళ్ళి, బాబూ.”