కదలని పటాలం

“ఆజ్ఞ రాకుండా పటాలం కదలదు,” అన్నాడు డాస్సియస్, పొద్దుట్నించీ నాలుగోసారి.

“ఆజ్ఞ ఇచ్చేవాళ్ళంటూ ఎవరైనా మిగిలితే కదా మామయ్యా!” కోడలు లూపుల గరిటెను కుండ అంచుకేసి కొట్టింది. బార్లీ జావ నీళ్ళనీళ్ళగా ఉంది. మూడు రోజులుగా జావా అదే, గొడవా అదే.

డాన్యూబ్ నది గడ్డకడుతోంది. మొన్న శత్రువులుండే అవతలి ఒడ్డు నుంచి ఒక కుక్క మంచు మీద సగం దూరం వచ్చి, ఏమనుకుందో ఏమో వెనక్కి పోయింది. నిన్న ఆ కుక్క ఆగిన చోటి దాకా ఒక మనిషి వచ్చాడు. కర్రతో మంచును పొడిచి చూశాడు. కోట వైపు చూసి నవ్వాడు. ఇంకో రెండు రోజులు ఇదే చలి ఉంటే గుర్రాలు కూడా దాటేస్తాయి.

ఊరు ఊరంతా ఎప్పుడో దక్షిణానికి వెళ్ళిపోయింది. మిగిలింది సెకుండో బండి ఒక్కటే. ఇవాళ మధ్యాహ్నం దాకా ఆగుతాననీ, ఆ తర్వాత తన పిల్లలు తనకి ముఖ్యమనీ కబురు పెట్టాడు.

“ఈ పటాలం ఎలాంటిదనుకున్నావు? ఆరువేల మందితో పారశీకుల ఎడారి దాటింది!”

“తెలుసు మామయ్యా. పెళ్ళయిన మర్నాటి నుంచీ వింటున్నా. నీళ్ళు దొరక్క గుర్రాల నెత్తురు తాగారు.”

“మూడు వందల ఏళ్ళు! ఒక్కసారి కూడా జెండా నేల మీద పడలేదు.”

“జెండాకేం, చలా, ఆకలా!”

మూల కూర్చుని ఎర్ర అంగీకి మాసిక వేస్తున్న అత్త ప్రిస్క తలెత్తలేదు. “ఎందుకే అమ్మాయ్ గొంతు చించుకుంటావు? ఆయనకి ముందు ఆ పటాలంతో పెళ్ళయింది. నేనొచ్చింది సవతిగా.”

లూపులకి నవ్వు రాలేదు. ఆ పటాలం కథలో మామగారు చెప్పని భాగం కూడా ఆమెకు తెలుసు. ఆయన యవ్వనంలో సగం మందిని ఇటలీ యుద్ధానికి పిలిచారు. వాళ్ళు తిరిగి రాలేదు. తర్వాత మాయరోగం వచ్చింది. రెండేళ్ళ కిందట సేనాపతి వచ్చి, ఏరి ఏరి గట్టివాళ్ళను గాల్ దేశానికి తీసుకుపోయాడు. వాళ్ళలో లూపుల మొగుడు విటాలిస్ ఉన్నాడు. అప్పట్నించీ రోము నుంచి గింజ లేదు, కబురు లేదు.

అయినా పొద్దున్నే కోట మీద బాకా మోగుతుంది. నాలుగు బురుజుల మీదా పొగ లేస్తుంది. పటాలం మెలకువగా ఉందని అవతలి ఒడ్డుకి తెలియాలి.

“మనం పోయాక, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తే?” డాస్సియస్ గొంతు తగ్గింది. “కోట ఖాళీగా కనబడితే ఏమనుకుంటారు?”

వెళ్ళినవాళ్ళంటే ఎవరో లూపులకి తెలుసు. ఒక్కడే. రోజూ సాయంత్రం పడమటి దారి చూస్తూ నిలబడేది ఆమె కూడా. ద్రాక్షకోతల నుంచి మానేసింది.

“ఆయనొస్తే మనల్ని వెతుక్కుంటూ వస్తాడు మామయ్యా,” అంది మెల్లిగా. “బూడిదని వెతుక్కోడుగా.”



అంతలో చిన్న మనవరాలు ప్రొక్ల రొప్పుతూ లోపలికొచ్చింది. “తాతా, మంచు మీద ముగ్గురు! నిన్నటి చోటు దాటేశారు!”

“అక్కేదే?”

“పైనే ఉంది, చూస్తోంది.”

“బురుజుల మీద పొగ ఉందా?”

“నాలుగింటి మీదా ఉంది.”

“గోడ మీద ఇనపటోపీలు కనబడుతున్నాయా వాళ్ళకి?”

“కనబడకేం తాతా! ఒకడు వేలు పెట్టి చూపించాడు కూడా.”

“అయినా ఆగట్లేదా?”

“ఆగట్లేదు.”

డాస్సియస్ లేచాడు. చన్నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. గోడకున్న సైనికుల నడికట్టు తీసి బిగించుకున్నాడు. అది పాత బెజ్జం దగ్గర ఆగలేదు. కొత్త బెజ్జం పొడిచి మరీ బిగించాడు.

“పెద్దదాన్ని కూడా పిలువు,” అన్నాడు ప్రొక్లతో.

పెద్ద మనవరాలు సిల్వ దిగి వచ్చింది. అందరూ చేరాక, అన్నం తినడానికి రమ్మన్నంత నెమ్మదిగా చెప్పాడు.

“సెకుండో బండి దగ్గరికి పోదాం. పటాలం కోట వదులుతోంది.”

ప్రిస్క సూది ఆగింది. “మరి ఆజ్ఞో?”

“నేనిస్తున్నా.”

ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డ ఆ మూడు వందల ఏళ్ళ పటాలాన్ని డాస్సియస్ ఆఖరిసారి లెక్కపెట్టుకున్నాడు: పెళ్ళాం, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు.