పొయ్యి ముందు పాప

ముసలి దాది ఖ్రేస్తే పాపని తెచ్చి, పొయ్యి ముందు వట్టి నేల మీద పడుకోబెట్టింది.

అప్పుడే తెల్లవారుతోంది. పుట్టి పూటైనా కాని పసిగుడ్డు చలికి పిడికిళ్ళు బిగించి ఏడుస్తోంది. యజమాని వంగి ఎత్తుకుంటే ఆ ఇంటి పిల్ల. ఎత్తుకోకపోతే ఎవరి పిల్లా కాదు. మా రోమ్‌లో ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి.

ఇంటి యజమాని పెద్దాయన వంగలేదు. చేతికర్ర కొసతో దుప్పటి తొలగించి చూశాడు.

"మళ్ళీ ఆడదేనా? మొదటిదాన్ని ఉంచాం, చాలదూ? పైగా దీనికి కాలొకటి వంకర. తీసుకుపొండి."

"వద్దయ్యా," అన్నాడు నుమేరియస్. పాప తండ్రి అతనే. గోడవారన తలవంచుకుని నిలబడి ఉన్నాడు. "కట్టు కడితే కాలు సర్దుకుంటుందట. మంత్రసాని చెప్పింది."

"మంత్రసాని కూడు పెడుతుందా దానికి?"

"నేను పెడతానయ్యా."

"నువ్వా!" పెద్దాయన పగలబడి నవ్వాడు. "నువ్వు తినేది ఎవడి తిండిరా? నీ ఒంటిమీద గుడ్డ ఎవడిది?"

నుమేరియస్‌కి నలభై ఏళ్ళొచ్చినా నాదని చెప్పుకోవడానికి ఒక మేకపిల్ల లేదు. ఏం సంపాదించినా అది పెద్దాయనకే చెందుతుంది. ఆయన తలుచుకుంటే అతన్ని అమ్మేయవచ్చు. చావగొట్టినా ఎందుకని అడిగే నాథుడు లేడు. ఆయన మనసు కరిగి విడిచిపెడితే తప్ప ఈ బతుకింతే. ఆయనేమో డెబ్భై దాటినా గుండ్రాయిలా ఉన్నాడు.

తెర వెనకనుంచి నీరసంగా నుమేరియస్ భార్య గొంతు వినిపించింది.

"మీరు వద్దనండి. ఇంకోసారి గట్టిగా అనండి."

"అన్నానే. ఇక్కడ నా మాట చెల్లదు."

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఈ ఏడాది రాత్రిళ్ళు కూడా దాన్ని మూయడం లేదు. కష్టాలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు అప్పటికే వాకిట్లో చలికి ముడుచుకుని కూర్చున్నారు.

"దిక్కుమాలిన తలుపు! కొంప సత్రమైపోయింది," అని పెద్దాయన విసుక్కున్నాడు. "ఏమే ఖ్రేస్తే, చెవుడా? తీసుకుపొమ్మన్నానా?"

అప్పుడు నుమేరియస్ ఎవరూ అనుకోని పని చేశాడు. గబగబా వచ్చి పాపని తనే ఎత్తుకున్నాడు. గుండెలకి హత్తుకోగానే పాప ఏడుపు మానింది.

కర్ర అతని భుజం మీద పడింది.

"దించు."

"వద్దయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను. నా కూతురు..."

కర్ర మళ్ళీ పడింది. "నీ కూతురైతే? నువ్వెత్తితే లెక్కలోకి రాదురా. నేనెత్తాలి. దించు."

దెబ్బలకి అతను భయపడలేదు. కానీ ఆ మాట నిజం. రోజంతా ఎత్తుకుని నిలబడినా అది ఎత్తుకున్నట్టు కాదు. కన్నబిడ్డని చేతుల్లో పెట్టుకుని ఏమీ చేయలేకపోవడం కన్నా నరకం ఉంటుందా? కాసేపు అలాగే నిలబడి, చివరికి దించాడు. పాప మళ్ళీ ఏడుపందుకుంది.

ఖ్రేస్తే బుట్ట తెచ్చింది. అతను తన బట్ట అంచు చింపి, పాప వంకర కాలికి చేతనైనట్టు కట్టు కట్టాడు. ఆ గుడ్డ కూడా పెద్దాయనదే.

"కూరగాయల సంతలో, పసిపిల్లల్ని వదిలే పాల స్తంభం దగ్గర పెడతాను నాయనా," అంది ఖ్రేస్తే గొంతు తగ్గించి. "పాలున్న తల్లి ఎవరైనా అటు రాకపోతుందా." అని కళ్ళు తుడుచుకుంది. "ఈ ఇంట్లో నీకూ నాకూ తేడా ఏముందిలే. నన్ను కొట్టే కర్రే నీకూనూ."

బుట్ట గుమ్మం దాటుతుంటే వాకిట్లో జనం పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరూ లోపలికి తొంగి చూడలేదు. ఖ్రేస్తే సంతవైపు తిరిగింది. పనికి వేళవడంతో నుమేరియస్ రెండోవైపు నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా ఏడుపు వినిపిస్తూనే ఉంది.

కాసేపటికి నగరం నడిబొడ్డున ఫోరంలో, ఎవడో దిక్కులేనివాణ్ణి కొరడాతో కొట్టమని రోమ్‌ని ఏలే కాన్సుల్ ఆజ్ఞ ఇస్తుంటే, రాత్రింబగళ్ళు ఇంటి తలుపు తెరిచి దిక్కులేనివాళ్ళకి అండగా ఉండమని ఆ ఏటికి జనం ఎన్నుకున్న ట్రిబ్యూన్, పెద్దాయన ఒక్కగానొక్క కొడుకు, రోమ్ చట్టంలో తండ్రి బతికున్నంతకాలం తండ్రి సొత్తే అయిన నుమేరియస్, లేచి చెయ్యెత్తి "వద్దు" అన్నాడు, అంతే, అంతటి కాన్సులూ నోరు మూసుకున్నాడు, లేచిన కొరడా లేచినట్టే ఆగిపోయింది.